బోరోబుదూరు గోడ మీది ఓడ దాకా మా నాన్న ఎక్కగలరా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఇండోనేషియా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. టూర్ల వాళ్లను అడిగితే సూర్యోదయం ఫొటోల గురించే చెబుతున్నారు, నాకు కావలసింది మెట్ల గురించి.

మా తమ్ముడు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాడు. కార్తీక పౌర్ణమి వెళ్లాక నాన్ననూ నన్నూ పది రోజులకు రమ్మన్నాడు. అందులో మూడు రోజులు జోగ్జకార్తాలో ఉంటాం. నాన్నకు 71. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పారు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. డాక్టరు గారు ఆపరేషన్ అంటున్నారు, ఈయన వచ్చే ఏడాది అంటున్నారు. మా ఇంటి మేడకు పద్దెనిమిది మెట్లు. ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతారు. దిగడమే ఎక్కువ కష్టం, గోడ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగుతారు.

ఆయనకు బాలి వద్దు, బీచి వద్దు. జోగ్జకార్తా దగ్గరున్న పాత బౌద్ధ కట్టడం బోరోబుదూరులో రాతి గోడ మీద చెక్కిన ఓడ ఒక్కటి చూడాలి, అంతే.

ఎందుకో చెప్తాను. మా ఊళ్లో కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్లు బొయిత బందాణ చేస్తారు. అరటి దొప్పతో, బెండుతో, రంగు కాగితాలతో చిన్న ఓడలు చేసి తమలపాకూ వక్కా దీపమూ పెట్టి నీళ్లలో వదులుతారు. వాళ్ల పెద్దలు జావా, సుమత్రా, బాలి దీవులకు వర్తకానికి బయల్దేరిన రోజులకు గుర్తు అది. మన తెలుగిళ్లలో మళ్లీ పదిహేను రోజులకు పోలి పాడ్యమి, మళ్లీ అరటి దొప్పలు, మళ్లీ దీపాలు. మా అమ్మ రెండూ చేసేది. మా దొప్ప మాత్రం నాలుగు బారలు వెళ్లకుండానే ఒక పక్కకు ఒరిగి దీపం ఆరిపోయేది, నేను ఏడ్చేదాన్ని. అప్పుడు నాన్న ఒడ్డున కూర్చోబెట్టుకుని చెప్పేవారు. మహేంద్రతనయ వెళ్లి వంశధారలో కలుస్తుంది, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఆ సముద్రం దాటితే ఒక గుడి గోడ మీద రాతి ఓడ ఉంది, దాని దీపం ఎవరూ ఆర్పలేరు అని. బళ్లో కూడా ఏటా ఆ ఓడను నల్లబల్ల మీద గీసేవారు. రెండు తెరచాపలు, తాళ్లు పట్టుకుని ఎగబాకే మనుషులు. ఆయన దగ్గరున్నది ఒక పాత పుస్తకంలో అచ్చయిన బొటనవేలంత నలుపు తెలుపు బొమ్మ. అదీ చెదిరిపోయిన అచ్చు.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ కట్టడాలున్నాయని బయటపెట్టింది ఆయనే. అందుకని నాన్న ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని బస్సెక్కించి శాలిహుండం తీసుకెళ్లేవారు. రెండేళ్ల కిందట పాత విద్యార్థులు పిలిస్తే వెళ్లారు గానీ కొండెక్కలేక కింద చెట్టు నీడన కూర్చుండిపోయారు. దారంతా మాట్లాడలేదు. పరాయి దేశంలో మళ్లీ అలా కాకూడదనే ఇంతగా అడుగుతున్నాను.

ఆ ఓడ ఏ అంతస్తులో ఉంది? అసలు ఇప్పుడు పైకి ఎక్కనిస్తున్నారా? అన్నట్టు కార్తీకం అంతా నాన్న నీచు ముట్టరు, తిండి సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.


పట్టుచీరల బరంపురం:

చెల్లెమ్మా, నేను కిందటేడు మా అమ్మను తీసుకెళ్లాను. అమ్మకు 66, ఆయాసం ఉంది. కాబట్టి మెట్ల లెక్క నాకు బాగా తెలుసు.

ముందు మంచి మాట. ఓడ పైన లేదు, కిందే ఉంది. అందరూ ఫొటోల్లో చూసే చిల్లుల స్తూపాలు, అవి 72, కట్టడం నెత్తి మీద మూడు గుండ్రటి వేదికల మీద ఉంటాయి. వాటి నడుమ పెద్ద స్తూపం. అక్కడికి వెళ్లాలంటే నాలుగు నడవలూ దాటి ఎక్కాలి. మీ నాన్నగారికి కావలసింది మొదటి నడవ మాత్రమే. నేల మీంచి వెడల్పాటి పునాది వేదిక మీదకు ఒక మెట్ల వరుస, అక్కణ్ణించి మొదటి నడవలోకి ఇంకో వరుస. అంతే. కాకపోతే మెట్లు మన ఇంటి మెట్లకంటే ఎత్తు, అడుగు పెట్టే చోటు ఇరుకు, రాయి నున్నబడింది. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది. దిగేటప్పుడు నేను ముందు, ఆమె వెనక.

ఓడ ఉన్నది ఉత్తరం వైపు, లోపలి గోడ మీద కింది వరుసలో. మొదటి నడవ లోపలి గోడకు పైన ఒక వరుస, కింద ఒక వరుస శిల్పాలు ఉంటాయి. పై వరుసంతా బుద్ధుడు స్వర్గం నుంచి దిగి రావడం మొదలు మొదటి ఉపదేశం దాకా, 120 పలకలు. కింది వరుసలో జాతక కథలు, అవదానాలు, అంటే చేసిన పనులకు ఫలం చెప్పే బౌద్ధ కథలు. ఉత్తరపు మెట్లకూ వాయవ్య మూలకూ నడుమ ఆ ఓడ కోసం చూడండి. ముందే గైడుకు చెప్పకపోతే ఆగనివ్వడు, ఎందుకంటే గుంపు మొత్తాన్ని ఒక గంటలో పైకి తీసుకెళ్లి కిందికి దింపాలి. నేను బయల్దేరేముందే ఫోన్లో ఓడ ఫొటో చూపించి, మా అమ్మ పైకి రాదు, ఆమెను ఇక్కడికి తీసుకురండి చాలు అని చెప్పాను. ఒప్పుకున్నాడు.

టికెట్లు రెండు రకాలు. ఒకటి కట్టడం కింద ముంగిలి దాకే. రెండోది పైకి ఎక్కడానికి. ఎక్కేది తీసుకోండి. మేం ఒక్కొక్కరికి నాలుగున్నర లక్షల రూపియా (అక్కడి డబ్బు) పైన కట్టాం, మన డబ్బుల్లో రెండున్నర వేలకు దగ్గర. అప్పుడు రోజుకు 1,200 మందినే ఎక్కనిచ్చేవారు, గంట గంటకూ గుంపులు, కాబట్టి ముందే ఆన్‌లైన్లో కొనాలి. మేం వెళ్లినప్పుడు సోమవారం పైకి ఎక్కనివ్వలేదు. మీరు మంగళవారమో బుధవారమో పెట్టుకుని, పొద్దున మొదటి గుంపులో వెళ్లండి, ఎండెక్కితే ఆ నల్లరాయి కాల్చేస్తుంది. మన చెప్పులు విప్పించి అల్లిన చెప్పులు ఇస్తారు, వాటి పేరు ఉపానత్. మన సంస్కృతపు ఉపానహమే! రాయి అరగకుండా ఆ ఏర్పాటు. వాటితో మెట్లెక్కడం మొదట కొత్తగా ఉంటుంది, నాన్నగారిని ఒక నాలుగడుగులు కింద నడిపించి చూడండి.

ఇప్పుడు అసలు మాట. ఒకవేళ ఆ రోజు మోకాళ్లు సహకరించకపోయినా ఆయన చెట్టు కింద కూర్చోనక్కర్లేదు. కట్టడం చుట్టూ ఉన్న తోటలోనే, మెట్లు లేని చోట, ఓడల మ్యూజియం ఉంది. అందులో నిజం ఓడ ఉంది. గోడ మీది బొమ్మను చూసి 2003లో కంగియన్ దీవుల్లో వడ్రంగులు ఇనుప మేకులు లేకుండా కట్టారు. దాని పేరు సముద్ర రక్ష. 2003 ఆగస్టులో జకార్తా నుంచి బయల్దేరి, ఆఫ్రికా కొసను చుట్టి, 2004 ఫిబ్రవరిలో ఘనా రేవు అక్రాకు చేరింది. మా అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఏ భాగం ఏమిటో నాకు తెలియలేదు, మీ నాన్నగారుంటే చెప్పేవారు కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

మెందుత్ గుడి కూడా వదలకండి, అక్కణ్ణించి మూడు కిలోమీటర్లే. లోపల మూడు మీటర్ల బుద్ధుడు, కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందికి పెట్టి ఉంటాడు. ఆ గుడి మెట్ల పక్క గోడ మీద పంతులు గారు గుర్తుపట్టే కథ ఒకటి ఉంది. రెండు పక్షులు కర్ర పట్టుకుని ఎగురుతుంటే దాన్ని నోట కరుచుకుని వేలాడే తాబేలు.


రాయగడ రైలు:

పెద్దాయన కోరిక వింటే మనసు నిండిపోయింది. ఆయనకు నా నమస్కారం చెప్పండి. ఒక్క మాట. బోరోబుదూరు కట్టినవాళ్లు మన కళింగం వాళ్లే కదా. దాన్ని కట్టించిన శైలేంద్ర వంశపు రాజులు ఇక్కణ్ణించి వెళ్లినవాళ్లని మా చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ ఓడ మన కళింగ ఓడ. అక్కడ నిలబడి మనవాళ్ల పని అని గర్వంగా చూసుకోమనండి.


జయపురం పాత లెక్చరర్:

తమ్ముడూ, మీ ప్రేమ నాకు తెలుసు, నాకూ అదే ప్రేమ. కానీ పర్లాకిమిడి పంతులు గారు విద్యార్థులకు చెప్పే మనిషి, కాబట్టి ఈ మాట ఇక్కడే తేల్చుకుందాం.

శైలేంద్రులు కళింగం నుంచి వెళ్లారని రాసిన చరిత్రకారులు ఉన్నారు, నిజమే. దానికి గట్టి శాసనాధారం లేదు. జావావాళ్లేనని చెప్పేవారు చాలామంది. కట్టింది 8వ శతాబ్దం చివర మొదలుపెట్టి 9వ శతాబ్దంలో, అక్కడి అగ్నిపర్వతాల రాతితో, సున్నం లేకుండా రాయికి రాయి బిగించి. చేతులు అక్కడివి. ఇక ఓడ సంగతి. దాన్ని జాగ్రత్తగా చూడండి. రెండు పక్కలా కర్రలు బయటకు చాచి, వాటి కొసల్లో తేలే దుంగలు కట్టి ఉంటాయి. అల పక్కనుంచి కొట్టినా ఓడ బోర్లా పడకుండా ఆపేవి అవి. ఆ పనితనం ఆ దీవుల వాళ్లది. మడగాస్కర్ దాకా వాళ్లు వెళ్లగలిగింది అలాంటి పడవల మీదే అంటారు. దాన్ని మన ఓడ అనేస్తే ఆ వడ్రంగికి అన్యాయం చేసినట్టు.

ఆ ఓడ చెప్పే కథ కూడా వినండి. రౌరుక నగరపు రాజు రుద్రాయణుడు రాజ్యం వదిలి భిక్షువయ్యాడు. కొడుకు తండ్రిని చంపించాడు, ఇంకో భిక్షువు మీద మట్టి పోయించాడు. ఆ పాపానికి నగరం ఇసుకలో పూడిపోయింది. హిరు అనే మంత్రి ముందే తెలిసి ఓడెక్కి తప్పించుకున్నాడు. రాతి మీద మనం చూసేది అతను కొత్త ఒడ్డుకు చేరడం. వర్తకుల ఓడ కాదది, ఊరు పోగొట్టుకున్నవాడి ఓడ.

మరి మనకూ వాళ్లకూ సంబంధం లేదా? ఉంది, నేను తరగతిలో ఎప్పుడూ చెప్పే సంబంధం ఇంకా బలమైనది. బోరోబుదూరు రెండో నడవ నుంచి పైదాకా గోడల మీద చెక్కింది గండవ్యూహ సూత్రం. సుధనుడనే కుర్రవాడు గురువు తర్వాత గురువును వెతుక్కుంటూ తిరిగే కథ, 460 పలకలు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 795లో, మన ఒడ్ర దేశపు (ఇప్పటి ఒడిశా) రాజు ఆ గండవ్యూహం ప్రతిని తన చేతిరాతతో చైనా చక్రవర్తికి పంపాడు. ప్రజ్ఞుడనే భిక్షువు దాన్ని చైనా భాషలోకి మార్చాడు. అంటే ఇక్కడ రాజు కూర్చుని రాసుకుంటున్న గ్రంథాన్నే దాదాపు ఆ కాలంలో అక్కడ శిల్పులు రాతిలో చెక్కుతున్నారు. నాకైతే ఎవరు కట్టారనే తగువుకంటే ఇది వెయ్యిరెట్లు పెద్ద సంగతి.

అమ్మా, నాన్నగారు రెండో నడవ ఎక్కలేకపోతే మీరైనా వెళ్లి సుధనుణ్ణి చూసి రండి. వచ్చి ఆయనకు చెప్పండి.

ఇంకొకటి. మలయా వైపు దక్షిణాది వాళ్లను కెలింగ్ అంటారని, అది కళింగ నుంచే వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. మలేషియాలో ఇప్పుడు అది చిన్నచూపు మాట. ముచ్చటపడి అక్కడెవరితోనూ వాడకండి.


గుణుపూర్ నర్సమ్మ:

అక్కా, నేను జకార్తాలో ఆరేళ్లుగా ఉంటున్నాను. తిండి గురించి నేను చెప్తాను. జోగ్జాలో గుదెగ్ అని పనసకాయ కూర, తాటిబెల్లం వేసి గంటలకొద్దీ ఉడకబెడతారు. తియ్యగా ఉంటుంది, మన పనసపొట్టు కూర అనుకుంటే పొరపాటే, కానీ నాన్నగారికి నచ్చవచ్చు. అయితే దాంతోపాటు కోడిగుడ్డు, కోడికూర వేసేస్తారు, ముందే వద్దనాలి. సోయా గింజలతో చేసే తెంపే, తోఫు ఎక్కడైనా దొరుకుతాయి. అసలు జాగ్రత్త పడాల్సింది సంబల్ దగ్గర. మన మిరపకాయ పచ్చడి లాంటిదే కదా అనుకుంటాం, అందులో తెరాసి ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. గాదొగాదొ అని ఉడికించిన కూరగాయలు పెడతారు, వాటి మీద పోసే వేరుశెనగ పచ్చడిలోనూ కలుపుతారు. తాన్పా దాగింగ్, తాన్పా ఉదాంగ్, తాన్పా తెరాసి. మాంసం లేకుండా, రొయ్యలు లేకుండా, తెరాసి లేకుండా అని. కాగితం మీద రాసి చూపించండి.

కార్తీకం అంటే ఇక్కడ వానలు మొదలయ్యే రోజులు. మధ్యాహ్నం దాటాక దంచి కొడుతుంది. తడిస్తే ఆ రాయి జారుతుంది, నాన్నగారి మోకాళ్లకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పొద్దున్నే వెళ్లి పదింటికల్లా దిగిపోండి.

జకార్తా నుంచి రైల్లో రండి. గంబిర్ స్టేషన్లో ఎక్కితే ఆరేడు గంటలు, కాళ్లు చాపుకోవచ్చు, కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ రావచ్చు. మోకాళ్ల పట్టీలు, నొప్పి మాత్రలు మీ డాక్టరు రాసినవి మనూరి నుంచే తెచ్చుకోండి, చీటీతో సహా. ముందురోజు రాత్రి జోగ్జా దగ్గరి ప్రంబనన్ గుడుల వద్ద నాట్యం చూద్దామని తమ్ముడు అంటే ఆ రోజుకు వద్దనండి. బోరోబుదూరు అయ్యాక మర్నాడు వెళ్లండి. అక్కడ శివుడి గుడి చుట్టూ రామాయణం ఉంది, గుడి 47 మీటర్ల ఎత్తు. కింద నిలబడి చూసినా కడుపు నిండుతుంది.


మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):

వెళ్లొచ్చాం. అందరికీ విడివిడిగా రాయలేకపోతున్నాను, ఇక్కడే చెప్తాను.

బుధవారం పొద్దున మొదటి గుంపు. బరంపురం అన్నయ్య చెప్పినట్టు గైడుకు ఓడ ఫొటో చూపించాం. ఆయన నాన్న మోకాళ్ల కేసి చూసి, గుంపును ఇంకో గైడుకు అప్పజెప్పి మాతో ఉండిపోయారు. మొదటి మెట్ల వరుస తమ్ముడి భుజం మీద ఎక్కారు. వేదిక మీద పది నిమిషాలు కూర్చున్నారు. రెండో వరుసలో మధ్యలో ఆగి, నేనిక్కడే ఉంటాను మీరు వెళ్లండి అన్నారు. మేం ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే లేచారు.

ఓడ నేను అనుకున్నదానికంటే పెద్దది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దగ్గరకు వంగి, తాకకుండా వేలు గాల్లో ఆడిస్తూ ఓడ పక్కనున్న దుంగల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. జయపురం మాస్టారు రాసింది నేను ముందే చదివి వినిపించాను గానీ ఆయన అప్పుడంతగా పట్టించుకోలేదు. ఇప్పుడు నా వైపు తిరిగి, "అమ్మా, ముప్ఫయ్యేళ్లూ నేను వీటిని వదిలేసి గీశాను" అన్నారు. పుస్తకంలో బొమ్మ చెదిరి ఉండేది కదా, ఆ దుంగల్ని అలలనుకున్నారట. నల్లబల్ల మీద ఓడ కింద వంకర గీతలు గీసి సముద్రం అని రాసేవారట. ఎంతమంది పిల్లలకు అలా చెప్పానో అని బాధపడ్డారు. గైడు ఒక కాగితం ఇస్తే అక్కడే నడవ గట్టున కూర్చుని మళ్లీ గీశారు. చాచిన కర్రలు, దుంగలు, కట్టిన తాళ్లు, అన్నీ.

నేను రెండో నడవ ఎక్కాను. సుధనుణ్ణి గైడు చూపించారు, ఎవరో గురువు ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. కిందికొచ్చి నాన్నకు చెబితే, ఎన్ని పలకలు చూశావని అడిగారు. ఏడెనిమిది అన్నాను. మిగతావి ఎవరు చూస్తారు అన్నారు. మ్యూజియంలో సముద్ర రక్ష దగ్గర గంటన్నర ఉన్నాం. గాదొగాదొ తెరాసి లేకుండా దొరికింది. గుణుపూర్ చెల్లి రాసిచ్చిన మూడు మాటల కాగితం నాన్న జేబులోనే పెట్టుకున్నారు. దిగేటప్పుడు నొప్పి బాగా వచ్చింది, ఆ రాత్రి నిద్రపోలేదు, అది కూడా చెప్పాలి. ప్రంబనన్ మర్నాడు కింది నుంచే చూశారు. ఆపరేషన్ ఫిబ్రవరిలో చేయించుకుంటానని ఒప్పుకున్నారు.

వచ్చిన నాలుగో రోజే పోలి పాడ్యమి. అమ్మ పోయాక దొప్పలు నేనే చేస్తున్నాను. ఈసారి నాన్న చీపురుపుల్లలు, రెండు బెండు ముక్కలు తెచ్చుకుని కూర్చున్నారు. దొప్పకు రెండు పక్కలా పుల్లలు గుచ్చి, కొసల్లో బెండు కట్టారు. చీకటుండగానే రేవుకు వెళ్లాం. నది నిండుగా లేదు గానీ గాలి ఉంది. చుట్టుపక్కల దొప్పలు రెండు మూడు ఒరిగాయి. మాది ఊగింది, తిరిగింది, నిలబడింది. వంతెన కింది నుంచి అవతలికి వెళ్లేదాకా దీపం కనిపిస్తూనే ఉంది.